బోర్లించని కంచం

19 జనవరి 2004, సోమవారం

సీల్ అంటే జంతువని ఇవాళే తెలిసింది.

నాకు తెలిసిన సీలు పోస్టాఫీసులో లక్క మీద కొట్టేది. హెడ్‌ఫోన్లలో ఒకాయన "మేము సీళ్లకు వెళ్లాం" అంటుంటే, అంత మంచులో ముద్రల కోసం ఎందుకు వెళ్లారో అర్థంకాక పెడల్ తొక్కి టేపును మళ్లీ మళ్లీ వెనక్కి తిప్పాను. పక్క సీటులో అక్సా నా మొహం చూసి తన హెడ్‌ఫోన్లు తీసింది. సంగతి చెప్తే పడీ పడీ నవ్వింది. "సర్కస్‌ల ముక్కు మీద బాల్ ఆడిస్తది చూడు, గదే. నీ డిక్షనరీలకెల్లి జెర బయటికి రా."

ఇంటికొచ్చి నిఘంటువు చూశాను. "ఒక సముద్రజంతువు" అని రాసి ఊరుకుంది.

ఆలిస్ మేడమ్ ఆఫీసుకు ఇన్నాళ్లూ అమెరికా డాక్టర్ల గొంతులే వచ్చేవి. గుండె, కిడ్నీ, రక్తపోటు. వాళ్లు చెప్పింది విని టైపు చేసి పంపడమే పని. ఇప్పుడు ఉత్తరాన ఎక్కడో మంచు సముద్రం పక్కనున్న దీవి నుంచి ఒక కాలేజీవాళ్లు పాత టేపులు పంపారు. అక్కడి జాలరుల పాటలు, మాటలు. టెన్త్‌లో మాకు ఇంగ్లీషు చెప్పిన మేడమ్‌కు నా పిచ్చి తెలుసు. ఈ టేపులు నాకే ఇచ్చారు. కాలేజీ అవగానే మారేడ్‌పల్లి మేడ మీదికి పరిగెత్తుతున్నాను.

ఆఫీసులో ఇంగ్లీషులో టైపు చేస్తాను. ఇక్కడ తెలుగులో రాసుకుంటాను. ఎవరూ అడగలేదు. నాకే కావాలి.

20, మంగళవారం

మావాళ్లు చేపలకు వెళ్లినా "వేటకెళ్లాడు" అనే అంటారు. కాబట్టి "సీళ్లకు వెళ్లాం" అన్నదానికి తెలుగుమాట వెతుక్కోనక్కర్లేకపోయింది.

22, గురువారం

పాడినాయనది బొంగురు గొంతు. నడివయసు ఉంటుందేమో. ఇంట్లో కూర్చోబెట్టి రికార్డు చేసినట్టున్నారు. గడియారం చప్పుడు, వెనక ఎక్కడో గిన్నెల చప్పుడు వినిపిస్తున్నాయి.

పాటలో కథ ఇది. తెల్లారుజామున ఓడ దిగి మంచు మీద నడుచుకుంటూ వేటకు వెళ్తారు. నెత్తురు గడ్డకట్టి చొక్కా చేతులు కర్రల్లా అవుతాయి. జేబులో బిస్కెట్టు కొరికితే పన్ను విరుగుతుంది. మధ్యాహ్నానికి గాలి తిరుగుతుంది. ఓడ కనపడదు. ఓడకు వీళ్లు కనపడరు. రాత్రి పడితే కూర్చున్నవాడు మళ్లీ లేవడని వాళ్లకు తెలుసు. అందుకని గుండ్రంగా నడుస్తూ ఒకరి పేరు ఒకరు పిలుస్తూ ఉంటారు. పాటంతా ఆ పిలుపే.

కూర్చోకురా తమ్ముడా, కూర్చోకు,
కూర్చున్నవాడికి మంచే దుప్పటి.
విల్లీ, ఉన్నావా?
ఉన్నాను, నడుస్తున్నాను.

ఒక్కో చరణానికి ఒక్కో పేరు. ప్రతివాడూ "ఉన్నాను" అంటాడు. ఆఖరి చరణం దగ్గర ఆయన "కూర్చోకురా తమ్ముడా" అని ఆగిపోయాడు. రికార్డు చేస్తున్నాయన తర్వాతేమిటని అడిగాడు. ఇవాళ్టికి చాలన్నాడు.

వాళ్లకు మంచులో ఎన్ని రకాలో. పలకలుగా తేలేది, నూకల జావలాగా చిక్కగా ఉండేది, కొత్తగా కట్టి కాలు వేస్తే విరిగేది, దేనికది పేరు. మనకు మంచొక్కటే. నాన్న గాలికి పేర్లు చెప్పేవాడు. కొండగాలి, పైరగాలి. మూడోది ———

ఇక్కడ గీత ఎందుకంటే మేడమ్ నేర్పిన పద్ధతి. వినపడని చోట గీత గీసి వదిలెయ్యాలి. ఊహించి నింపకూడదు. "నింపావంటే అది నీ పాట అవుతుంది కానీ వాళ్లది కాదు" అన్నారు.

25, ఆదివారం

అక్సా చర్చి నుంచి నేరుగా మెట్టుగూడ వచ్చింది, మా ఇల్లు చూస్తానని. చూడ్డానికేముంది. గది, వంటిల్లు, వెనక కుళాయి. కుళాయి గట్టు మీద అంట్లు చూసి అడిగింది. "ఏందే గిట్ల, గిన్నెలన్నీ పైకి చూస్తున్నయ్? బోర్లిస్తే నీళ్లు పోతయ్ గదా." చెప్పక తప్పలేదు. మా ఊళ్లో, మనిషి వేటకెళ్లి ఉన్నంతసేపూ ఆ ఇంట్లో గిన్నె కానీ కంచం కానీ బోర్లించరు. బోర్లిస్తే సముద్రం మీద పడవ బోర్లా పడుతుంది. కడిగినవన్నీ వెల్లకిలా పెట్టి గుడ్డతో తుడుస్తారు.

"మీ నాన్న ఊర్ల లేడు కదా. ఎక్కడున్నడు?" అంది.

సిక్కోలు నుంచి చాలామంది వెళ్లినట్టే నాన్న కూడా గుజరాత్ వెళ్లి అక్కడి బోట్ల మీద పని చేసేవాడని చెప్పాను. నేను టెన్త్‌లో ఉండగా ఆ బోటును పాకిస్తాన్ వాళ్లు పట్టుకున్నారని చెప్పాను. కరాచీ జైల్లో ఉన్నాడని కూడా చెప్పాను. చివరిది నేను ఎప్పుడూ చెప్పే మాట. జైలు నుంచి నాన్న ఉత్తరమేదీ రాలేదు. ఆయనకు రాయడం రాదు.

అక్సా తుడిచే గుడ్డ తీసుకుని గిన్నెలన్నీ తుడిచి వెళ్లింది.

అమ్మ కోసమే ఇదంతా. అమ్మకు నమ్మకం. నేను చదువుకున్నదాన్ని, నాకు అలాంటివి లేవు. కానీ అమ్మకు ఈ మధ్య మతిమరుపు. నిన్న పొద్దున్న నాన్న కంచం బోర్లించి ఉంది. చూసుకోలేదేమో పాపం. తిప్పి పెట్టాను.

27, మంగళవారం

మావయ్య రైల్వే డ్యూటీ నుంచి పరిగెత్తుకొచ్చాడు. కరాచీ నుంచి కొందరిని వదిలారట. శుక్రవారం ఇక్కడ ఢిల్లీ రైలు దిగి విశాఖ రైలెక్కుతారట. నాన్న బోటులో పనిచేసిన సూరి మావ వస్తున్నాడట.

28, బుధవారం

నిద్ర లేదు. పాట బుర్రలోంచి పోదు. బస్సులో ఎవరో ఎవరినో పిలిస్తే "ఉన్నాను" అనబోయాను.

30, శుక్రవారం

అమ్మ రానంది. తను పనిచేసే హాస్టల్లో వంటకు ఇంకో మనిషి లేదంది. చేపల పులుసు, అన్నం క్యారేజీ కట్టి ఇచ్చింది. "సూరికి పులుసంటే పేణం. పట్టికెల్లు" అంది. నాన్న పేరు ఎత్తలేదు. ఎప్పుడూ ఎత్తదనుకో, మొగుడి పేరు పలకదు కదా.

సికింద్రాబాద్ స్టేషన్, ఒకటో నంబరు. మావయ్యది అక్కడే పార్సిల్ ఆఫీసులో పని కాబట్టి ముందే వెళ్లి నిలబడ్డాం. వాళ్లు గుంపుగా దిగారు. అందరికీ ఒకే రకం సంచులు. ఒక్కొక్కరి మొహం చూశాను. చివరివాడి దాకా చూశాను.

సూరి మావకు గడ్డం తెల్లబడింది. నన్ను చూసి, "దుర్గవి కదూ. పొడుగైపోయావే" అన్నాడు. తర్వాత మావయ్య వైపే చూస్తూ మాట్లాడాడు. ఆ వేళ గాలి తిరిగిందట. పొద్దుగూకే వేళకు బోటు అడుగున నీళ్లలో తిరిగే పంకాకు వల చుట్టుకుందట. అప్పుడు నన్ను చూశాడు.

"తెల్లారేదాకా తిరుగుతానే ఉన్నాం తల్లీ. అక్కడక్కడే సుట్టూ తిరుగుతా, పేరెట్టి పిలుస్తా. పలకనేదు. తెల్లారినాక పాకిస్తానోలొచ్చి మమ్మల్ని పట్టుకున్నారు."

ఇంకా ఏదో అన్నాడు. అనౌన్స్‌మెంటు మోగుతోంది. నాకు సరిగ్గా వినపడలేదు. వినపడని చోట ———

మావయ్య నన్ను పక్కకు తీసుకెళ్లాడు. "మీ అమ్మకి ఇప్పుడే సెప్పీకే అమ్మీ. ఆ ఆశ తోటే అది నిలబడి ఉంది" అన్నాడు. చెప్పనన్నాను.

క్యారేజీ ఖాళీ అయింది. సూరి మావ తినలేదు. పక్కవాళ్లకు పెట్టాడు.

31, శనివారం

సూరి మావకు సరిగ్గా తెలియదని అమ్మతో అన్నాను. ఇంకో జైల్లో కూడా మనవాళ్లు ఉన్నారట అన్నాను. నా నోటి నుంచి అంత తేలిగ్గా వచ్చింది.

"సూరి తిన్నాడా?" అంది అమ్మ.

తిన్నాడన్నాను.

2 ఫిబ్రవరి, సోమవారం

ఆఫీసులో కరెంటు పోయింది. జనరేటర్ కూడా మొరాయించింది. మేడమ్ పొమ్మన్నారు. రెండు వీధుల అవతలే కదా అని అమ్మ పనిచేసే హాస్టల్‌కు వెళ్లాను. సాఫ్ట్‌వేర్ కోర్సుల అమ్మాయిలతో అది ఈ ఏడు కిటకిటలాడుతోంది. మెట్ల మీద కూడా కూర్చుని జావా పుస్తకాలు చదువుతున్నారు.

అమ్మ వెనక వసారాలో ఉంది. నన్ను చూడలేదు. కడిగిన కంచాలు ఇనప చట్రంలో బోర్లిస్తోంది. ఒకదాని పక్కన ఒకటి, టకటకా. ఒక్కసారి కూడా చెయ్యి ఆగలేదు. ఏదో కూనిరాగం తీస్తోంది. వల లాగేటప్పుడు మగాళ్లు పాడే పాట. ఆడవాళ్లు పాడగా నేనెప్పుడూ వినలేదు.

నేను అమ్మను పిలవకుండా వచ్చేశాను.

అవి పరాయివాళ్ల కంచాలు కదా. ఇంట్లో కంచాలు వేరు. అమ్మ తేడా పెట్టుకుని ఉంటుంది.

3, మంగళవారం

మళ్లీ నాన్న కంచం. తిప్పి పెట్టాను.

4, బుధవారం

మళ్లీ. తిప్పాను. అమ్మను డాక్టరుకు చూపించాలి. మతిమరుపుకు మందులుంటాయని టైపు చేసి చేసి నాకు తెలుసు.

5, గురువారం

ఆఖరి టేపు. అదే పాట, అదే ఇల్లు, అదే గడియారం. రికార్డు చేసే ఆయన ఈసారి బతిమాలాడు. ఆ చివరి పేరు ఎవరిదో చెప్పమన్నాడు. బొంగురు గొంతాయన గొంతు తగ్గించాడు. అది మా తమ్ముడి పేరు, అన్నాడు. వాణ్ని ఓడ మీదికి తేలేకపోయాం, మంచు విరిగి కొట్టుకుపోయింది. ఈ చరణం ఇంట్లో పాడను. అమ్మ వంటింట్లో ఉంది. ఆమె ఇంకా ఎదురుచూస్తోంది.

తర్వాత కుర్చీ జరిపిన చప్పుడు. ఎవరో తలుపు దాకా వెళ్లారు. టేపు తిరుగుతూనే ఉంది. మేడమ్ లెక్క ప్రకారం మాటలు లేని చోటు వదిలెయ్యొచ్చు. కానీ నేను శబ్దం పెంచాను. గిన్నెల చప్పుడు ఆగింది. ఆగాక, చాలా దూరం నుంచి, ముసలి గొంతు, సన్నగా,

కూర్చోకురా తమ్ముడా, కూర్చోకు,
కూర్చున్నవాడికి మంచే దుప్పటి.
నెడ్డీ, ఉన్నావా?

పాడింది. వంటింట్లోంచి. ఆ తల్లి. ఆమెకు అన్ని చరణాలూ వచ్చు.

టైపు చేశాను. ఆమె పాడిందంతా పూర్తిగా టైపు చేసి పంపేశాను. బయటికొస్తే ఎండగా ఉంది, మారేడ్‌పల్లి నుంచి మెట్టుగూడ దాకా నడిచాను. కూర్చోవాలనిపించింది. కూర్చోలేదు.

6, శుక్రవారం

మేడమ్ పిలిచారు. చేతిలో నేను టైపు చేసిన కాగితం.

వంటింటి గొంతు పట్టుకున్నందుకు చాలా మెచ్చుకున్నారు. ఇంకెవరైనా వదిలేసేవాళ్లన్నారు. ఆ తర్వాత చివరి లైను మీద వేలు పెట్టారు.

"దుర్గా, ఈ 'ఉన్నాను' ఎవరన్నారమ్మా?"

నేను చూశాను. నెడ్డీ, ఉన్నావా? దాని కింద: ఉన్నాను, నడుస్తున్నాను. నేనే టైపు చేశాను. వినపడింది మేడమ్, అన్నాను. నిజంగా వినపడింది. నడుస్తూ నడుస్తూ అన్నట్టు, కొంచెం ఆయాసంతో.

ముగ్గురం విన్నాం. మేడమ్ విన్నారు, నేను విన్నాను, అక్సాకు ఇచ్చారు. అక్సా కళ్లు మూసుకుని విని తల అడ్డంగా ఊపింది. మళ్లీ నేను విన్నాను. ముసలమ్మ పిలిచింది. తర్వాత గడియారం. తర్వాత గిన్నెల చప్పుడు మళ్లీ మొదలైంది. అంతే.

"అక్కడ ఎవరూ పలకలేదమ్మా" అన్నారు మేడమ్.

పోనీ గీత పెట్టనా, అన్నాను.

"వద్దు. గీతంటే అక్కడ మాట ఉంది, మనకు వినపడలేదని. ఇక్కడ మాటే లేదు." ఆ లైను తనే కొట్టేశారు. కోప్పడలేదు. కోప్పడితే బాగుండేది.

మెట్ల మీద అక్సా నా చెయ్యి పట్టుకుంది. "గంత పరేషాన్ కాకే. ఏం తక్లీఫ్ ఉందో ఇంట్ల చెప్పు. నాకు గాదు, మీ అమ్మకు చెప్పు" అంది.

7, శనివారం

చెప్పలేదు.

8, ఆదివారం

పొద్దున్నే కుళాయి దగ్గరకు వెళ్తే నాన్న కంచం బోర్లించి ఉంది. తిప్పబోయాను.

"ఒగ్గీయే దాన్ని" అంది అమ్మ. గుమ్మంలో కూర్చుని తల దువ్వుకుంటోంది.

మరిచిపోయి బోర్లించావమ్మా, అన్నాను. అమ్మ దువ్వెన ఆపింది.

"నాకేటి మతిమరుపు? నాను కావాలనే బోర్లిస్తన్నాను. నువ్వే తిప్పుతన్నావు."

నా చేతిలో కంచం అలాగే ఉంది. సూరి మావ ఇంకో జైలు గురించి చెప్పాడు కదా, అని మొదలుపెట్టాను. అమ్మ పూర్తి కానివ్వలేదు.

"సూరి స్టేషన్ల దిగి నా కాడికి రానేదు. మంచి కబురైతే మెట్టుగూడ ఎంత దూరం? పరిగెట్టుకొచ్చి సెప్పును."

అంతకు ముందే తెలుసట. జైల్లో ఉన్నవాళ్ల పేర్లు మా ఊళ్లో చదివి వినిపించిన రోజు ఆ బోటువాళ్లందరి పేర్లూ ఉన్నాయి, ఒక్కటి తప్ప. అమ్మ ఊరెళ్లి వచ్చిన ఆ ఆదివారం నాకు గుర్తుంది. జీడిపప్పు తెచ్చింది నాకు. ఏం చెప్పలేదు.

మరి ఇన్నాళ్లూ ఎందుకమ్మా, అన్నాను.

"ఇస్కూలు నించి రాగానే సంచి పడీసి కుళాయి కాడికే ఎల్లేదానివి. అన్నీ ఎల్లకిలా ఉన్నాయో లేదో సూసుకున్నాకే అన్నం తినేదానివి. ఎలా బోర్లిత్తానే? పెద్దదానివైతే నువ్వే మానుతావనుకున్నాను. మాననేదు. ఇప్పుడైనా సూసి అడుగుతావేమోనని ఒకో దినం బోర్లించినాను. అడగనేదు. తిప్పీసేదానివి."

ఈ పుస్తకంలో వెనక పేజీల్లో రాసుకున్నాను, ఇదంతా అమ్మ నమ్మకమని.

అప్పుడు చెప్పాను. స్టేషన్‌కు వెళ్లిన శుక్రవారం గీత గీసిన చోట ఉన్నది చెప్పాను. అనౌన్స్‌మెంటు మోగలేదు. సూరి మావ చెప్పింది నాకు ప్రతి మాటా వినపడింది. పంకాకు చుట్టుకున్న వల కోయడానికి నాన్నే దిగాడు. నడుముకు తాడు కట్టుకుని దిగాడు. "తాడు నా సేతిల ఉంది తల్లీ. ఒక్కపాలి తేలికైపోనాది."

అమ్మ దువ్వెన గుమ్మం మీద పెట్టింది.

"తాడు సూరి సేతిల ఉన్నాదా?"

అవునన్నాను.

"పాపం. అందుకే తిన్లేదు ఆడు" అంది. నేను తిన్నాడని చెప్పిన సంగతి మరిచిపోలేదు. క్యారేజీ ఖాళీగానే తెచ్చాను, అయినా ఎలా కనిపెట్టిందో నేను అడగలేదు.

ఇద్దరం గుమ్మంలోనే కూర్చున్నాం. పాట గురించి చెప్పాను. సీళ్లు, మంచు, గుండ్రంగా నడవడం, వంటింటి ముసలమ్మ, అన్నీ. తెలుగులో పాడి వినిపించమంది. నాకు పాడ్డం రాదు, అయినా పాడాను. ఆఖరి చరణం దగ్గర నేను ఆగిపోయాను.

అమ్మ కుళాయి వైపు చూస్తూ, గొంతు పెంచకుండా, పక్కింట్లో మనిషిని పిలిచినట్టు పిలిచింది.

"పర్వతాలూ. ఉన్నావేటి?"

అమ్మ నోట నాన్న పేరు నేను వినడం ఇదే మొదలు. మెట్టుగూడ మీదుగా ఒక గూడ్సు బండి వెళ్లింది. అది పూర్తిగా వెళ్లేదాకా ఇద్దరం విన్నాం. కుళాయి బొట్లు బొట్లుగా కారుతోంది.

ఇక్కడ గీత పెట్టడం లేదు.

మూడో గాలి పేరు అడిగాను. అమ్మకు కూడా గుర్తు లేదు. సూరిని అడుగుదాం అంది. వచ్చే వారం మావయ్యతో కలిసి ఊరెళ్తాం, చెయ్యాల్సినవి అక్కడే చెయ్యాలి. సముద్రం దగ్గర. సూరి మావ ఇంటికి మనమే వెళ్లాలి, ఆడు రాలేడు, అంది అమ్మ.

కంచం ఇంకా నా ఒళ్లోనే ఉంది. సత్తు కంచం, అంచు ఒక చోట సొట్ట. నాలుగేళ్లుగా నీళ్లు నిలిచి అడుగున తెల్లగా గుండ్రం మరక పడింది. ఎంత తోమినా పోవడం లేదని అనుకునేదాన్ని. తోమలేదు, తుడిచానంతే.

అమ్మ ఒంటి గంటకే హాస్టల్‌కు వెళ్లిపోయింది. సాయంత్రం వచ్చి మామూలుగానే అన్నం వండింది. కంచం సంగతి ఇద్దరం ఎత్తలేదు. ఇప్పుడది గట్టు మీద వెల్లకిలానే ఉంది. ఈ ఒక్క పూటకు.

రేపు పొద్దున్న అమ్మ కంటే ముందు లేస్తాను. అంట్లన్నీ నేనే తోముతాను. నాన్న కంచం ఆఖరున. చింతపండు పెట్టి, ఆ మరక పోయినంత పోనిచ్చి, నీళ్లు ఓడ్చి, గట్టు మీద పెడతాను. అంచు కిందికి.